మోకాటి లోతు

బుధవారం, సూళ్లూరుపేట

పులికాట్ సరస్సు అనగానే అందరికీ ఫ్లెమింగోలే గుర్తొస్తాయి. మాకూ అంతే. కానీ ఏడెనిమిది నిమిషాల చిన్న సినిమా తీద్దామని కూర్చున్నప్పుడు ఒక మాట అనుకున్నాం: ఇందులో హీరో నీళ్లే. పక్షులు నీళ్ల వెంట వస్తాయి, నీళ్లు తగ్గితే పోతాయి. ఎక్కడ ఎంత లోతుందో చూపించగలిగితే, ఏ పక్షి ఎక్కడ ఎందుకు నిలబడిందో చూసేవాళ్లకు వాళ్లంతట వాళ్లకే అర్థమవుతుంది. కాగితం మీద ఇది బాగానే ఉంది. లోతును కెమెరాలో పట్టేదెట్లా అన్నది మాత్రం సూళ్లూరుపేటలో లాడ్జి తాళం చేతికి వచ్చేదాకా కూడా తేలలేదు.

మేం అంటే నేను, మా బావమరిది. నాది నెల్లూరులో లెక్కలు రాసే ఉద్యోగం. వాడికి గూడూరులో సెల్‌ఫోన్ల కొట్టుంది. అంతకుముందు పెళ్లిళ్లకు మైక్ సెట్ పెట్టేవాడు. కాబట్టి కెమెరా నాది, సౌండు వాడిది అని పంచుకున్నాం. సామాను పెద్దగా లేదు. పాత మిర్రర్‌లెస్ కెమెరా, అద్దెకు తెచ్చిన 100-400 లెన్సు, బరువైన ట్రైపాడ్, అరచేతిలో పట్టే రికార్డరు, గాలి హోరు ఆపడానికి దానికో బొచ్చు తొడుగు. దగ్గర్లోని పక్షుల చెరువు నేలపట్టులో షూటింగుకు అటవీ శాఖ అనుమతి ముందే తీసుకున్నాం. డ్రోన్ ఊసే ఎత్తలేదు. ఒక పక్క అంతరిక్ష కేంద్రం, కింద పక్షుల అభయారణ్యం. అక్కడ డ్రోన్ ఎగరేస్తామనడం మర్యాద కాదు, క్షేమమూ కాదు.

సంక్రాంతి దాటిన వారాన్ని కావాలనే ఎంచుకున్నాం. ఈ ప్రాంతానికి అసలైన వానలు ఈశాన్య రుతుపవనాలవే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు తెచ్చే వానతో కాళంగి, ఆరణి నదులు పులికాట్‌లోకి మంచినీళ్లు మోసుకొస్తాయి, చెరువులు నిండుతాయి. జనవరికి చెరువుల్లో గూళ్లు, గూళ్లలో పిల్లలు ఉంటాయి. సరస్సు అంచుల్లో నీళ్లు మెల్లగా దిగుతుంటాయి. ఆ దిగడంలోనే మా కథంతా ఉంది.

సాయంత్రం చెంగాళమ్మ గుడికి వెళ్లొచ్చి, కాళంగి ఒడ్డున కాసేపు మైకు పరీక్ష చేశాం. లారీల హారన్లు తప్ప ఏమీ రికార్డు కాలేదు. రాత్రి కారం దోసె తిని పడుకున్నాం.

గురువారం, శ్రీహరికోట రోడ్డు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. రెండు పక్కలా నీళ్లు, మధ్యలో తారు. అంతరిక్ష కేంద్రం కోసం వేసిన ఈ గట్టు సరస్సును రెండు ముక్కలు చేసింది. కింద తూములున్నా నీళ్లు మునుపటిలా కలవవని పడవల వాళ్లు అంటారు. విచిత్రమేమిటంటే సరస్సుకు ఇబ్బంది తెచ్చిన ఈ రోడ్డే మాలాంటి వాళ్లకు దొరికే మంచి కెమెరా స్టాండు. కారులోంచి కాలు కింద పెట్టకుండా ఫ్లెమింగోలను చూడగల చోటు మన రాష్ట్రంలో ఇంకోటి ఉందనుకోను.

ఐదున్నరకే అక్కడ ఉన్నాం. రోడ్డు పడమర నుంచి తూర్పుకు పోతుంది. జనవరిలో సూర్యుడు కాస్త దక్షిణానికి ఒరిగి లేస్తాడు. అంటే పొద్దున ఉత్తరం వైపు పక్షుల మీద వెలుగు నిండుగా పడుతుంది, దక్షిణం వైపువి నీడబొమ్మల్లా కనిపిస్తాయి. రంగులు కావాలంటే ఎడమ కిటికీ, ఆకారాలు కావాలంటే కుడి కిటికీ. బావమరిది డ్రైవింగ్ సీట్లో, నేను వెనక సీట్లో. కిటికీ అంచు మీద బియ్యం నింపిన గుడ్డ సంచి, దాని మీద లెన్సు. కారు దిగితే పక్షులు వంద అడుగులు వెనక్కి జరుగుతాయి. దిగకపోతే వాటికి కారు ఒక బండరాయి కిందే లెక్క.

మంచు తెర విడిపోయేసరికి ఉత్తరాన ఒక గులాబీ గీత కనిపించింది. ఫ్లెమింగోలు. నాలుగైదు వందలు ఉంటాయేమో, లెక్కపెట్టే పని పెట్టుకోలేదు. లెన్సులో చూస్తే అన్ని తలలూ నీళ్లలోనే. ఫ్లెమింగో ముక్కును తలకిందులుగా పెట్టి తింటుంది. నాలుకను పంపులా ఆడిస్తూ నీళ్లు లోపలికి లాగి బయటికి తోస్తుంది. ముక్కు అంచుల్లో ఉండే సన్నని జల్లెడ పళ్లలో చిన్న రొయ్యల్లాంటి పురుగులు, నాచు, గింజలు చిక్కుతాయి. ఆ గులాబీ రంగు కూడా ఈ తిండిలోంచి వచ్చేదే. గుంపులో కొన్ని బూడిద రంగువి ఉన్నాయి, అవి ఇంకా రంగెక్కని పిల్లలు. ఇక్కడ పుట్టినవి కావు. మన దేశంలో ఇవి గూళ్లు కట్టేది ఎక్కువగా గుజరాత్‌లోని కచ్ఛ్ రణ్‌లో, బురద దిబ్బల మీద. పులికాట్ వాటికి మేతకు వచ్చే చోటు.

అప్పుడు దొరికింది నాకు కావలసింది. ఒక పక్షి ఒడ్డు వైపు నుంచి లోపలికి నడుస్తోంది. కాలి మీద నీటి గీత మెల్లగా పైకి పాకుతోంది. ముందు వేళ్లు మునిగాయి, తర్వాత సన్నటి కాడ, తర్వాత మనం మోకాలనుకునే ముడి. నిజానికి అది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో దాక్కుని ఉంటుంది. ఆ ముడి దాటి కొంచెం పైకి వచ్చాక పక్షి ఆగింది, మెడ వంచింది, తినడం మొదలుపెట్టింది. లోతును కొలిచే కర్ర నా ముందే నడుస్తోందన్నమాట. ఆ షాట్ తెగకుండా నిమిషానికి పైగా తీశాను. సినిమాలో అది మొత్తం పెట్టాను, ఒక్క సెకను కూడా కోయలేదు.

ఆ తర్వాత మిగతావి తేలిగ్గా వరస కట్టాయి. బురద అంచున ఉల్లంకి పిట్టలు, వేలెడు నీళ్లుంటే చాలు వాటికి. కాస్త లోపల నల్ల రెక్కల స్టిల్టులు, ఎర్రటి పుల్లల్లాంటి కాళ్లతో. ఇంకా లోపల ఎర్రకాళ్ల కొంగలు. అవి ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఊపుతుంటాయి, చేప తగలగానే ముక్కు టక్కున మూసుకుంటుంది. కంటితో వెతకడం ఉండదు కాబట్టి మురికి నీళ్లయినా వాటికి పరవాలేదు. వాటికి అవతల ఫ్లెమింగోలు. కాళ్లు అందని చోట గూడబాతులు (పెలికాన్లు), నీటికాకులు. ఒకే వైడ్ షాట్‌లో ఒడ్డు నుంచి లోపలికి ఐదు అంతస్తులు పడ్డాయి. జానెడు నీళ్లు అటో ఇటో అయితే ఈ బారు మొత్తం జరిగిపోతుంది. ఒక అంతస్తు వాళ్లకు అసలు చోటే లేకుండా పోవచ్చు.

తొమ్మిది దాటగానే పని ఆగిపోయింది. నీళ్ల మీద ఎండ వేడికి గాలి వణుకుతుంది, దూరాన ఉన్న పక్షి లెన్సులో పాకంలా కదులుతుంది. ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా ఇది పోదు. పొద్దున మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు. మిగతా పగలంతా టీలు తాగడానికే.

సాయంత్రం ఒక కారు వచ్చి ఆగింది. నలుగురు కుర్రాళ్లు దిగి, ఫోన్లు పైకెత్తి, కేకలు పెట్టి చప్పట్లు కొట్టారు, గుంపు లేస్తే వీడియో బాగుంటుందని. గుంపు లేచింది. ఫ్లెమింగో అంత బరువైన పక్షి ఊరికే లేవలేదు. నీళ్ల మీద పరుగు పెట్టి, రెక్కలు కొట్టి, అప్పుడు గాల్లోకి వెళ్తుంది. మేత మానేసి, అరిగించుకున్న బలమంతా ఖర్చు పెట్టాలి. రోజుకు ఇట్లా ఎన్ని కార్లు ఆగుతాయో! నా కెమెరా ఆన్‌లోనే ఉంది, రికార్డు కూడా అవుతోంది. నిజం చెప్పాలంటే అందమైన షాటే. సినిమాలో మాత్రం వాడలేదు. అట్లా లేపిన గుంపును చూపిస్తే చూసినవాడు రేపు వచ్చి చప్పట్లు కొడతాడు.

"బావా, నువ్వు వాళ్లను తిడతావని రికార్డరు ఆన్ చేసి పెట్టా," అన్నాడు బావమరిది. తిట్టలేదు. వాళ్లలో ఒకడికి లెన్సులో ఫ్లెమింగో తినే తీరు చూపించాను. వాడు పది నిమిషాలు కదల్లేదు.

శుక్రవారం, నేలపట్టు

సూళ్లూరుపేటకు ఉత్తరంగా ఇరవై కిలోమీటర్ల దూరంలో, దొరవారిసత్రం మండలంలో, హైవే నుంచి కాస్త లోపలికి వెళ్తే నేలపట్టు. 1976లో దీన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. మొత్తం 458.92 హెక్టార్లు. మామూలు ఊరి చెరువే. కాకపోతే దాని నీళ్లలో నీటి కడప చెట్లు ఉన్నాయి. మొదలు నెలల తరబడి నీళ్లలో మునిగి ఉన్నా బతికే చెట్లు అవి. వాటి తలల మీద గూడబాతుల గూళ్లు.

గూడబాతు తినడానికి పులికాట్‌కు వెళ్తుంది, కాపురం మాత్రం ఇక్కడ పెడుతుంది. అంత దూరం రోజూ పోయి రావడమెందుకు? గట్టు మీద వాచర్ ఒక్క మాటలో చెప్పాడు: "చెట్టు కింద నీళ్లుంటేనే సార్ గూడు. నీళ్లు లేకుంటే నక్క వస్తాది, అడవిపిల్లి వస్తాది." పులికాట్ అంచుల్లో నీళ్లున్నాయి కానీ, నీళ్లలో నిలబడిన ఇట్లాంటి చెట్లు లేవు. ఇక్కడ చెరువే కోట చుట్టూ తవ్విన కందకం. వానలు సరిగ్గా పడక చెరువు నిండని ఏడాది పక్షులు వచ్చి చూసి పోతాయి, గూళ్లు కట్టవు. పిల్లలు ఎగరకముందే నీళ్లు ఎండితే ఇంకా కష్టం.

మేం వెళ్లేటప్పటికి చెరువు నిండుగా ఉంది. గట్టు మీదుగా బాట, చివర ఎత్తైన టవరు. టవర్ ఎక్కితే చెట్ల తలలు కళ్లకు సమానంగా వస్తాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు, స్వాతికొంగలు, అన్నీ ఎవరి కొమ్మ మీద వాళ్లు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, ఆ ముక్కుతోనే నత్తను గుల్లలోంచి లాగి తింటుంది. మధ్యాహ్నం దాకా నేను టవర్ మీదే ఉన్నాను.

ఆ రోజు నిజంగా పని చేసింది బావమరిది. పొద్దున్నే గట్టు కింద, గాలికి చాటైన చోట రికార్డరు పెట్టి, చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంట సేపు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. వాడు ఒక సంగతి పట్టుకున్నాడు. "పెద్ద పక్షులు అరవడంలేదు బావా. గోలంతా పిల్లలదే." నిజమే. పెద్ద గూడబాతు దాదాపు మౌనంగా ఉంటుంది. పిల్లలే ఆకలికి ఒకటే అరుపు. తల్లి దిగగానే ఆ అరుపు ఇంకా పెరుగుతుంది, తర్వాత ఒక్కసారిగా తగ్గుతుంది. తగ్గే కారణం లెన్సులో కనిపించింది: పిల్ల తన తలను మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చేసింది. మెడ దాకా లోపలే. బయట రెక్కలు మాత్రం కొట్టుకుంటున్నాయి. తల్లి పులికాట్‌లో మింగిన చేపలను ఇక్కడ కక్కి పెడుతోంది.

అప్పుడే ఎడిటింగ్ ఎట్లా చేయాలో తేలింది. పులికాట్‌లో గూడబాతు సంచితో నీళ్లను తోడే షాట్, ఆ వెంటనే నేలపట్టులో పిల్ల ఆ సంచిలో తల పెట్టే షాట్. రెంటి మధ్యా మాట అక్కర్లేదు. సరస్సు చేప చెరువు గూట్లోకి ఎట్లా వచ్చిందో కట్ చూపిస్తుంది. కాకపోతే మొదటి షాట్ ఇంకా తీయలేదు! గురువారం గూడబాతులు దూరంగా ఉన్నాయి.

మధ్యాహ్నం గట్టు కింద పొలాల వైపు దిగాం. వరి పొట్ట మీద ఉంది. కాలవ దగ్గర ఒక పెద్దాయన మడికి నీళ్లు కట్టుకుంటూ కనిపించాడు. చెరువు నీళ్లలో పక్షుల రెట్ట కలుస్తుంది, ఆ నీళ్లు పైరుకు బలమని ఈ ఊరి రైతులు చాలా కాలంగా చెప్పే మాటే. పెద్దాయనను కెమెరా ముందు అడిగితే సిగ్గుపడ్డాడు. కెమెరా దించి, రికార్డరు మాత్రం పక్కన పెడితే మాట్లాడాడు. "పిట్టలు వచ్చిన ఏడు మాకు కూడా పంటే నాయనా. అయి రాలేదంటే చెరువుకు నీళ్లు రాలేదని. ఇంక మాకు మాత్రం యాడొస్తాయి?" ఆ గొంతే సినిమాలో ఉన్న కొద్దిపాటి వ్యాఖ్యానం. నా గొంతుతో రాసుకున్న రెండు పేజీలు ఆ రాత్రే పక్కన పెట్టేశాను. పక్షి, రైతు ఒకే కాలవ మీద ఆధారపడ్డారని నేను చెబితే పాఠంలా ఉంటుంది.

రాత్రి లాడ్జిలో కార్డులు రెండు డిస్కుల్లోకి కాపీ చేసి, ఏ ఫైల్లో ఏముందో నోటుబుక్‌లో రాసుకున్నాం. విసుగు పుట్టించే పని. కానీ ఔత్సాహికులు తీసే ప్రకృతి చిత్రాలు చాలా వరకు ఆగిపోయేది ఇక్కడే అని నా నమ్మకం. డిస్కు నిండా షాట్లు ఉంటాయి, ఏది ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

శనివారం, భీములవారిపాళెం

తడ మండలంలోని భీములవారిపాళెం పడవల రేవు. ఇక్కడి నుంచి ఇరకం దీవికి పడవలు వెళ్తాయి. మేం చిన్న పడవ మాట్లాడుకున్నాం. నడిపే ఆయనకు అరవై దాటి ఉంటాయి. ఇంజను వద్దు, గడతో తొయ్యమని అడిగాం. "ఇంజనుకు ఈడ నీళ్లు చాలవులే సామీ," అని నవ్వాడు.

పులికాట్ చాలా పెద్ద సరస్సు, ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 60 కిలోమీటర్ల పొడవు. ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణం కొస తమిళనాడులో. కానీ లోతు చూస్తే నవ్వొస్తుంది. సగటున మీటరు. ఈ ఊళ్లలో దీనికి ప్రళయ కావేరి అనే పేరుంది. అంత పెద్ద పేరున్న నీళ్లలో పడవాయన గడ దింపితే సగం కూడా తడవలేదు.

ఆ గడే నా రెండో కొలకర్ర అయ్యింది. ఆయన గడ నేలకు గుచ్చి, తోసి, పైకి లాగిన ప్రతిసారీ దాని మీద తడి గుర్తు కనిపిస్తుంది. పడవ అంచున కెమెరాను దాదాపు నీళ్లకు ఆనించి పెట్టి, గడను మాత్రమే తీశాను. గుర్తు ఒకచోట మోకాలంత, ఒకచోట తొడంత. ఒక చోట అయితే జానెడే. అక్కడ పడవ అడుగు బురదను రాసుకుంటూ పోయింది. ఆయన నోటితో కూడా అదే కొలత చెబుతూ వచ్చాడు, మేం అడగకుండానే: "ఈడ మోకాటి లోతు... ఈడ తొడ లోతు... ఆ పక్క కాలవ, మనిషి లోతు." ఆ మాటలను ఎడిటింగ్‌లో గడ షాట్ల మీద వేశాను. సినిమాకు పేరు అక్కడి నుంచే వచ్చింది.

నీళ్ల రుచి అడిగాను. "ఇప్పుడు చప్పనే. మాఘం పోతే ఉప్పెక్కతాది. ఎండాకాలం నోట్లో పెట్టుకోలేవు." కొలతలు తీసిన వాళ్లు చెప్పేదీ ఇదే. వానాకాలంలో నదుల నీళ్లతో ఉప్పు పలచబడుతుంది. ఎండాకాలంలో నీళ్లు ఆవిరై, కొన్నిచోట్ల సముద్రం కంటే ఉప్పగా మారుతుంది. ఉత్తరం వైపు చాలా భాగం నెర్రెలిచ్చిన నేలగా మిగులుతుంది. ఇదే సరస్సు రెండు కాలాల్లో రెండు వేరే ఊళ్లు.

గూడబాతుల షాట్ కూడా ఈ రోజే దొరికింది. కాలవ అంచున ఒక పది పక్షులు వరసగా ఈదుతూ, ఒకేసారి ముక్కులు ముంచి ఎత్తుతున్నాయి. పైనుంచి దూకి పట్టే రకం కాదిది. ఈదుతూ సంచితో తోడుకుంటుంది, నీళ్లు కార్చేసి చేపను మింగుతుంది. పడవాయన గడ ఆపేశాడు. గాలికి పడవే వాటి వైపు జరిగింది. పడవ ఊగుతున్నా లెన్సును మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని తీసిన నలభై సెకన్లలో వాడదగినవి పన్నెండు. చాలు.

ఒడ్డుకు వచ్చాక ఆయన ఇంట్లో టీ ఇచ్చారు. వలలు, రొయ్యలు, పీతల ధరల మాటలు. రొయ్య ఏటికేడు తగ్గుతోందట. ఎందుకని అడిగితే చేతిని తూర్పుకు చూపించాడు: "సముద్రం తలుపు మూసుకుంటే రొయ్య పిల్ల యాడ నుంచి వస్తాది?"

ఆదివారం, రాయదొరువు

కాబట్టి తలుపు చూడటానికి వెళ్లాం. పులికాట్ సముద్రంతో కలిసే ముఖద్వారాలు మూడు: దక్షిణాన తమిళనాడులో పళవేర్కాడు దగ్గర ఒకటి, ఉత్తరాన వాకాడు మండలంలో రాయదొరువు, తూపిలిపాళెం. సముద్రపు అలలు తీరం వెంట ఇసుకను జరుపుతుంటాయి. నది వరద బలంగా ఉన్నప్పుడు ఆ ఇసుకను బయటికి నెట్టి దారి తెరుస్తుంది. వరద తగ్గగానే ఇసుక మళ్లీ అడ్డం పడుతుంది. ఉత్తరం వైపు నోళ్లు పూడిపోవడం ఇక్కడి మత్స్యకారుల పాత గోడు. పూడిక తీయించాలన్న మాట ఎన్నికల్లోనూ వినిపిస్తుంది, ఎన్నికల తర్వాతా వినిపిస్తుంది.

నోరు మూసుకుంటే ఏమవుతుందో తెలుసుకోవాలంటే రొయ్య పుట్టుక తెలియాలి. చాలా రకాల రొయ్యలు గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు పోటుతో పాటు సరస్సులోకి వచ్చి, మెత్తటి బురదలో పెరిగి, పెద్దయ్యాక మళ్లీ సముద్రానికి పోతాయి. తలుపు మూస్తే రాకపోకలు రెండూ ఆగిపోతాయి. రొయ్య తగ్గితే వలా ఖాళీ, గూడబాతు సంచీ ఖాళీ.

సినిమా పరంగా ఈ రోజు అంత గొప్పగా లేదు. సరుగుడు తోటలు, ఇసుక మేట, అవతల అలలు. వన్యప్రాణి అంటే ఇసుక మీద ఎర్రటి పీతలు మాత్రం పరుగులు పెట్టాయి. గాలి ఎంతలా ఉందంటే బొచ్చు తొడుగు వేసినా మైకులో హోరే. చివరికి బావమరిది తన జర్కిన్ తీసి రికార్డరుకు చుట్టాడు. అట్లా దొరికిన అలల చప్పుడు సినిమా చివరి నిమిషంలో ఉంది. నేను తీసింది ఒకే ఒక్క స్థిరమైన షాట్: కుడి వైపు సముద్రం, ఎడమ వైపు కదలని నీళ్లు, మధ్యలో ఇసుక. రెండు నీళ్ల మధ్యా మనిషి నడిచేంత వెడల్పు. ఒక కుక్క దాన్ని దాటుకుంటూ పోయింది, ఎవరూ నమ్మరేమో కానీ సరిగ్గా ఫ్రేము మధ్యలో.

మధ్యాహ్నం వాకాడు దగ్గర ఒక చిన్న హోటల్లో చేపల పులుసు. అది సరస్సు చేపా, చెరువు చేపా అని బావమరిది అడిగాడు. చెరువుదేనట. నెల్లూరు దారి పట్టాం.

ఆ తర్వాత

ఎడిటింగ్ రాత్రుళ్లు చేశాను, ఆఫీసు నుంచి వచ్చాక. అది తీసినదాని కన్నా ఎక్కువ కాలం పట్టింది. వివరాలన్నీ చెప్పను, ఎవరైనా ఇట్లాంటి పని మొదలుపెడితే ఉపయోగపడేవి కొన్నే.

ప్రతి షాటునూ కనీసం ఇరవై సెకన్లు తీసి ఉండటం ప్రాణం నిలబెట్టింది. పక్షి ఏ క్షణంలో ఏం చేస్తుందో తెలియదు, ఐదు సెకన్ల ముక్కల్లో ప్రవర్తన పడదు. స్లో మోషన్‌ను ఒక్కచోటే వాడాను, ఎర్రకాళ్ల కొంగ ముక్కు మూసుకునే చోట, ఎందుకంటే మామూలు వేగంలో అది కంటికి అందదు. ఎగిరే పక్షులను స్లో మోషన్‌లో పెట్టి వీణ వాయించడం నాకు నచ్చదు. సంగీతం అసలు పెట్టలేదు. నేలపట్టు పిల్లల గోల, గడ నీళ్లలో దిగే చప్పుడు, చివర అలలు. ఒక మిత్రుడు చూసి "కొంచెం ఫ్లూట్ వేస్తే బాగుండేది" అన్నాడు. వాడికి మ్యూట్ చేసి ఫ్లూట్ పెట్టుకునే హక్కుంది.

ఎక్కువ బాధపడి తీసేసింది నేలపట్టులో సూర్యాస్తమయం వేళ గూడబాతులు బారుగా దిగే షాట్. ఇంట్లో అందరికీ అదే నచ్చింది. కానీ అందులో ఆకాశమే ఉంది, నీళ్లు లేవు. మా ఆవిడ వారం రోజులు దాని గురించి అడుగుతూనే ఉంది. వేరే ఫైలుగా ఫోన్లో పంపించాను.

చివరికి సినిమా ఏడు నిమిషాల చిల్లర. ముందుగా పడవాయనకు చూపించాలని మార్చిలో భీములవారిపాళెం వెళ్లాం. ఆయన ఇంటి అరుగు మీద ల్యాప్‌టాప్ పెడితే వీధి సగం చేరింది. ఫ్లెమింగో నడిచే నిమిషం వాళ్లకు పెద్దగా ఆనలేదు, రోజూ చూసేదే. రాయదొరువు ఇసుక షాట్ రాగానే మాత్రం మాటలు లేచాయి. ఎక్కడ తవ్వాలి, ఎంత లోతు తవ్వాలి, తవ్వితే ఎన్నాళ్లు నిలుస్తుంది, పోయినసారి ఎవరేమన్నారు అని. సినిమా అయిపోయింది, వాదన నడుస్తూనే ఉంది. బావమరిది తెలివిగా అదంతా రికార్డు చేశాడు.

పడవాయన మాత్రం ఒక్క లోపం చెప్పాడు. "అంతా నిండు నీళ్లే చూపించినావు సామీ. మే నెల్లో రా. ఈ పడవ యాడ నిలబడి ఉంటాదో చూద్దువు." ఆ మాటలో న్యాయముంది. నీళ్లు హీరో అన్నప్పుడు హీరో లేని సీను కూడా ఉండాలి. ఆయన గడ అదే, గుచ్చే చోటు అదే, దాని మీద తడి గుర్తు ఉండదు. ఆ ఒక్క షాట్ కోసం మే రెండో వారానికి సెలవు పెట్టాను. బావమరిది వస్తానన్నాడు, కానీ ముందు కారు ఏసీ బాగు చేయించమంటున్నాడు, ఖర్చు చెరిసగమట.